డౌవె గొంతు ఉన్న డిస్కులు

కొత్త కరెంటు మీటర్ బిగించడానికి మనిషి వచ్చిన రోజున మా ఆయన గొంతు రెండోసారి పోయింది.

మొదటిసారి పోయినప్పుడు డాక్టర్లు ముందే చెప్పారు. గొంతులో క్యాన్సర్ ఉందని, స్వరపేటిక మొత్తం తీసేయడం తప్ప దారి లేదని చెప్పి, ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాల గడువు ఇచ్చారు. రెండోసారి ఎవరూ ఏమీ చెప్పలేదు. మీటర్ మనిషి మర్యాదస్తుడు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పి లోపలికి వచ్చాడు. కాసేపు కరెంటు తీస్తానన్నాడు. పని ముగించి, కాఫీ తాగి వెళ్ళాడు. ఫ్రిజ్ మళ్ళీ గుర్రుమంది. పొయ్యి మీది గడియారం సున్నాలు చూపించింది. మెట్ల కింద అరలో మా ఆయన అన్నీ దాచుకున్న సర్వర్ కంప్యూటర్ మాత్రం లేవలేదు.

మా ఆయన డౌవె పోయి అప్పటికి ఒక చలికాలం గడిచింది. మా ఊరు డొక్కుమ్‌లో, కాలువ మీద పడవలు వస్తే పైకి ఎత్తే వంతెన నడపడం ఆయన ఉద్యోగం. కాలువలోకి వచ్చే ప్రతి పడవతోనూ లౌడ్‌స్పీకర్‌లో మాట్లాడేవాడు. ఒడ్డున ఉన్న మా స్కూల్లోకి ఆ గొంతు వినిపించేది. నేను నదుల గురించి పాఠం చెబుతుంటే కిటికీలోంచి, "ఎర్ర టోపీ అయ్యగారూ, ఎటు పోవాలో ముందు మీ పడవకి చెప్పండి, ఆ తర్వాత నాకు చెబుదురుగాని" అని వచ్చేది. పిల్లలంతా నా మొహం వైపు చూసి నవ్వు ఆపుకునేవాళ్ళు. నేను పాఠం ఆపేదాన్ని కాదు.

ఆపరేషన్ తర్వాత మెడకి చిన్న పరికరం ఆనించుకుని మాట్లాడేవాడు. మాట అర్థమయ్యేది, కానీ అది ఎవరి మాటైనా కావచ్చు. నాకు ఆయన కళ్ళున్నాయి, చేతులున్నాయి, అలవాటు పడ్డాను. మా అత్తగారికి ఆ వీలు లేదు. ఆవిడ పేరు బౌక్యె. తొంభై దాటింది. ఊరి చివర వృద్ధుల ఇంట్లో ఉంటుంది. చూపు పోయి చాలా కాలమైంది. కొడుకు ఆ పరికరంతో మొదటిసారి పలకరించినప్పుడు ఆవిడ మర్యాదగా, "ఎవరు బాబూ మీరు?" అని అడిగింది. నేను చెప్పాను. ఆవిడ తలూపింది. చెయ్యి పట్టుకోనిచ్చింది, కొత్తవాళ్ళని పట్టుకోనిచ్చినట్టు. ఆయన బయటికి వెళ్ళగానే నా వైపు వంగి, "మావాడెప్పుడొస్తాడు అమ్మాయ్?" అంది. మతి తప్పి కాదు. ఆ వచ్చినవాడు కొడుకేనని ఆవిడకి తెలుసు. తెలిసినా చెవి ఒప్పుకోలేదు.

ఇలా జరుగుతుందని డౌవె ముందే ఊహించాడు. ఆపరేషన్‌కి ముందున్న ఆ వారాలు ప్రతి మధ్యాహ్నం పై గదిలో తలుపు వేసుకుని, మైకు ముందు కూర్చుని అమ్మ కోసం మాట్లాడాడు. చిన్నప్పుడు మంచు మీద స్కేటింగ్ చేస్తూ నీళ్ళలో పడిన సంగతి, నాన్నకి తెలియకుండా ఆవిడ తన బట్టలు ఆరబెట్టిన సంగతి, వంతెన దగ్గరి కబుర్లు, వాతావరణ వార్తలు కూడా. అన్నీ సర్వర్‌లో "అమ్మకి" అనే ఫోల్డర్‌లో దాచాడు. తను పక్కన కూర్చునుండగా పెట్టెలోంచి తన పాత గొంతు రావడం బాగుండదని, పోయాక వినిపించమని ఆపరేషన్ అయిన కొత్తలో నాకు పలక మీద రాసి చూపించాడు.

ఆయన పోయాక ఈ సంగతి అత్తయ్యతో చెప్పాను. ఆ ఆదివారమే తెస్తానన్నాను. ఆవిడ వద్దంది.

"నా పుట్టినరోజుకి పెట్టు. అప్పటిదాకా ఎదురుచూడ్డానికి నాకూ ఏదో ఒకటి ఉండాలిగా."

పుట్టినరోజు మే నెలలో. మీటర్ మార్చింది ఏప్రిల్‌లో.

రియెంట్స్‌కి ఫోన్ చేశాను. ఆయన డౌవెకి పాత స్నేహితుడు. కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. శనివారం ఉదయాల్లో చర్చి పక్క హాల్లో కూడే కంప్యూటర్ క్లబ్‌లో ఇద్దరూ కలిసేవాళ్ళు. ఇంట్లో పాత కంప్యూటర్లను సర్వర్లుగా మార్చుకుని ఫోటోలూ సంగీతమూ దాచుకునే మనుషుల క్లబ్ అది. ఒక్కొక్కరికి ఒక కప్పు కాఫీ, ఒక బిస్కెట్, ఆ తర్వాత బిస్కెట్ల డబ్బాకి మూత పెట్టేస్తారు. వాదనలకు మాత్రం మూత ఉండదు.

రియెంట్స్ వచ్చి సర్వర్‌కి తెర తగిలించి చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని వెనక నుంచి ఒక నారింజ రంగు పెన్‌డ్రైవ్ లాగాడు. దాని మీద నీటి పంపుల కంపెనీ పేరు ఉంది. ఏదో ఎగ్జిబిషన్‌లో ఊరికే పంచినది. దాన్ని అరచేతిలో పెట్టి నాకు చూపించాడు.

యంత్రం లేవాలంటే ముందు దీన్ని చదవాలని, లేచే పద్ధతంతా ఇందులోనే ఉందని చెప్పాడు. దీని గురించి తనకీ డౌవెకీ ఎన్నో శనివారాలు గొడవ జరిగిందట. పెన్‌డ్రైవ్ మీద నమ్మకం వద్దని, లోపల ఒక చిన్న ఎస్ఎస్‌డి అనే గట్టి రకం డిస్కు పెట్టమని తను చెప్పేవాడట. డౌవె వినలేదు. రియెంట్స్ ఆయన గొంతుతో చెప్పాలని చూశాడు, కుదరక తన గొంతుతోనే చెప్పాడు.

"ఒరేయ్, అది పొద్దున లేచేటప్పుడు ఒక్కసారే పనిచేస్తుంది, ఆ తర్వాత రోజంతా నిద్రే. పడవలు రాని చలికాలంలో నా ఉద్యోగంలాగే. ఆ మాత్రం దానికి ఎస్ఎస్‌డి ఎందుకురా, అనేవాడు."

మేమిద్దరం కొద్దిగా నవ్వాం.

డౌవె అన్నది నిజమేనని రియెంట్స్ ఒప్పుకున్నాడు. యంత్రం ఒకసారి లేచాక ఆ పెన్‌డ్రైవ్ జోలికి దాదాపు పోదు. అందుకే అది ఎప్పుడు చచ్చిందో కూడా ఎవరికీ తెలియదు. ఏడాది క్రితమే చచ్చిపోయి ఉండొచ్చు. పైన పచ్చ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఆపి మళ్ళీ లేపితే తప్ప బయటపడదు. డౌవె ఆ యంత్రాన్ని ఎన్నడూ ఆపలేదు. ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో ఆ లెక్క క్లబ్‌లో గొప్పగా చెప్పుకునేవాడు. అక్కడ అందరూ అలాగే చెప్పుకుంటారు.

యంత్రం లోపలి డిస్కులు రెండూ బాగానే ఉన్నాయి. ఒకదాంట్లో ఉన్నదంతా రెండోదాంట్లోనూ ఉండేలా డౌవె పెట్టాడు, ఒకటి పోయినా రెండోది నిలబడేలా. కానీ వాటికి తాళం వేసి ఉంది. పక్కింట్లో దొంగలు పడి కంప్యూటర్లు ఎత్తుకుపోయిన ఏడాది డౌవె ఇలా తాళం వేయడం మొదలుపెట్టాడు, మన ఫోటోలు ఎవడో చూడకూడదని. ఆ తాళంచెవి ఒక చిన్న ఫైలు. అది ఆ పెన్‌డ్రైవ్‌లో ఉంది.

నకలు చేసి ఉంటాడు కదా అన్నాను. డౌవె స్క్రూడ్రైవర్ కూడా రెండు చోట్ల పెట్టుకునే మనిషి. ఇద్దరం వెతికాం. పై గదిలో మేకుల డబ్బా అడుగున అదే నారింజ రంగు, అదే పంపుల కంపెనీ పేరు, ఇంకో పెన్‌డ్రైవ్ దొరికింది. రియెంట్స్ దాన్ని గుచ్చి మీట నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది. దీపాలు ఒకటొకటిగా పచ్చబడ్డాయి. నేను మెట్ల మీద కూర్చున్నాను. అప్పటిదాకా నిలబడే ఉన్నానని కూర్చున్నాకే తెలిసింది.

తెర మీద రెండు డిస్కులూ కనిపించాయి, తాళం గుర్తుతో సహా. తాళంచెవి పెడితే సరిపోలేదు. రియెంట్స్ మళ్ళీ పెట్టాడు. తర్వాత ఆ పెన్‌డ్రైవ్ తేదీ చూశాడు. ఆపరేషన్‌కి ముందు, రికార్డింగులకి చోటు చాలదని డౌవె పాత డిస్కులు తీసేసి పెద్దవి కొన్నాడు. వాటికి కొత్త తాళం వేశాడు. ఈ నకలు పాత తాళానిది.

కొత్త తాళంచెవికి కూడా నకలు ఉంది. అది ఎక్కడుందో రియెంట్స్‌కి ఆ పాత పెన్‌డ్రైవ్‌లోని సెట్టింగులు చూస్తేనే తెలిసింది. వారం వారం తాళంచెవి నకలు దానంతటదే దాచుకునేలా డౌవె ఏర్పాటు చేశాడు. దాచే చోటు మాత్రం ఆ డిస్కుల మీదే, ఆ తాళం వెనకే.

"దీని మీద మీరు ఆయన్నేం అనకండి టీచరమ్మా. మేమంతా చేసే పనే ఇది. సెట్టింగులు భద్రంగా ఎక్కడ పెట్టాలి అనుకోగానే, ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోటు సర్వరే కదా అనిపిస్తుంది."

ఆ శనివారం క్లబ్‌లో రియెంట్స్ ఈ సంగతి చెప్పాడట. కాఫీ అయ్యేలోపే నలుగురు ఏదో పనుందని లేచి ఇళ్ళకు వెళ్ళిపోయారట. ఎందుకు వెళ్ళారో ఎవరూ ఎవరినీ అడగలేదట.

డౌవె గొంతు ఇంకెక్కడైనా ఉందా అని చూశాను. ఫోన్లలోని వీడియోలన్నీ ఆయన ఎప్పటికప్పుడు సర్వర్‌లోకి మార్చి, ఫోన్లు ఖాళీ చేసేవాడు. ఒక పడవ యజమాని తన దగ్గరున్న వీడియో పంపాడు. వంతెన గదిలోంచి డౌవె చెయ్యి ఊపుతున్నాడు, నోరు కదులుతోంది, గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. చూపులేని మనిషికి అది దేనికి?

చచ్చిన పెన్‌డ్రైవ్‌ని యూట్రెక్ట్‌లో ఒక ప్రయోగశాలకి పంపాం. చిప్ విడదీసి చదివి చూస్తామని, కొంత కాలం పడుతుందని అన్నారు. ఎదురుచూసే ఆ రోజుల్లో రియెంట్స్ నాకొక కొత్త సర్వర్ కట్టి ఇస్తానని పట్టుబట్టాడు. తాళంచెవి దొరికితే డిస్కులు పెట్టడానికి నమ్మకమైన చోటు కావాలి కదా అన్నాడు. మా వంటింటి బల్ల మీద ఒక పెన్‌డ్రైవ్, కెమెరాలో పెట్టే మెమరీ కార్డు, రెండు చిన్న ఎస్ఎస్‌డిలు వరుసగా పెట్టాడు. వయసులో నాకంటే పెద్దవాడే గానీ, పాఠం అప్పజెప్పడానికి వచ్చిన పిల్లవాడిలా ఉన్నాడు.

మొదటి రెండూ ఫోటోలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడానికే గానీ ఏళ్ళ తరబడి వేడిలో ఉండి పనిచేయడానికి కాదన్నాడు. వాటిలో మళ్ళీ మళ్ళీ రాస్తూ పోతే అరిగిపోతాయి, అరిగిన సంగతి బయటికి చెప్పవు. ఎస్ఎస్‌డి తన ఆరోగ్యం తనే చెబుతుంది, అడిగితే.

"అయితే ఇవి చావవా?" అన్నాను.

"చస్తాయి. అందుకే రెండు. ఒకటి పోతే రెండోది లేపుతుంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి మాత్రం పెట్టకూడదు. తోడబుట్టినవి ఒకేసారి మంచం పడతాయి."

తాళంచెవి కాగితం మీద అచ్చు వేసి ఇంట్లో ఒకటి, బయట ఇంకోటి ఉంచాలన్నాడు. నెలకోసారి కావాలనే యంత్రాన్ని ఆపి, లేస్తుందో లేదో చూడాలన్నాడు. నేను అన్నిటికీ తలూపాను. మంచి పాఠమే. క్లాసు అయిపోయాక చెప్పిన పాఠం అని నాకు అనిపించింది. ఆయనకీ అనిపించే ఉంటుంది, ఎస్ఎస్‌డిలు అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు.

ఈలోగా పుట్టినరోజు వచ్చింది. వృద్ధుల ఇంటి హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. వచ్చినవాళ్ళు వరుసగా అందరితోనూ చేతులు కలిపి, మా దగ్గరి అలవాటు ప్రకారం అత్తగారి పుట్టినరోజు శుభాకాంక్షలు అని నాకూ చెప్పారు. చక్కెర రొట్టె కోసి వెన్న రాసి పంచారు. అందరూ వెళ్ళాక అత్తయ్య నా చెయ్యి వెతుక్కుంది.

"తెచ్చావా?"

యంత్రం రిపేరులో ఉందన్నాను. అప్పటికి అది అబద్ధం కాదు.

ఆవిడ, "వాడుంటే ఒక్క పూటలో బాగుచేసేవాడు. పోనీలే, నిదానంగా చేయించు. నేనెక్కడికి పోతాను?" అంది. రేడియో పక్కన బల్ల మీద చోటు ఖాళీ చేయించి పెట్టానని, ఏది తెచ్చినా అక్కడ పెట్టొచ్చని చెప్పింది.

ప్రయోగశాల నుంచి బడి సెలవుల్లో ఫోన్ వచ్చింది. ఒకమ్మాయి మాట్లాడింది. చౌక రకం చిప్ కావడంతో లోపల నిల్వ ఉన్నదంతా చెరిగిపోయిందని, చదవడానికి ఏమీ మిగల్లేదని నెమ్మదిగా చెప్పింది. అందులో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా అని అడిగింది. లేవమ్మా, ఒక చిన్న ఫైలే అన్నాను.

రియెంట్స్‌కి చెబితే ఆ తాళం పగలగొట్టడం ఎవరివల్లా కాదని, మంచి తాళమే వేశాడని అన్నాడు. అయినా డిస్కులు పారేయొద్దన్నాడు. దుప్పట్ల బీరువాలో పెట్టాను. వాటిలో ఆయన మాట్లాడినదంతా చెక్కుచెదరకుండా ఉంది.

కొత్త సర్వర్ మెట్ల కింద నడుస్తోంది. నెల మొదట్లో రియెంట్స్ వస్తాడు. మీట నొక్కి ఆపుతాం, మళ్ళీ లేపుతాం. ప్రతిసారీ లేస్తోంది. అందులో నా పాఠాలు తప్ప ఏమీ లేవు.

ఆదివారాలు వృద్ధుల ఇంటికి వెళుతూనే ఉన్నాను. రిపేరు ఎంతవరకొచ్చిందని అత్తయ్య అడుగుతుంది. ఇంకా అవుతోందంటాను. ఆవిడ తొందరపెట్టదు. పిల్లలకి కష్టమైన సంగతులు చెప్పడం నా వృత్తి, ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు. రేడియో పక్కన ఆ చోటు అలాగే ఖాళీగా ఉంది. ఆవిడకి నేను ఇంకా చెప్పలేదు.