బెరడు గీకి చూడండి

నాకు పొగరని మా ఆఫీసులో అందరికీ తెలుసు. నిజమే, ఉంది. లేకపోతే యాభై ఎనిమిది చెట్లు ఈపాటికి మొద్దులయ్యేవి.

మాదాపూర్‌లో మేం చేసే పని ఫొటోలు చూసి చెట్లకు గుర్తులు పెట్టడం. ఆ అడవి ఎక్కడో ఉత్తరాన, ఏడాదిలో ఎనిమిది నెలలు మంచు కప్పుకునే చోట ఉంది. ఒక అరుదైన జాతి చెట్లు అక్కడ ఒక్క లోయలోనే మిగిలాయి, మొత్తం నాలుగు వందల చిల్లర. వాటికి పురుగు పట్టింది. చచ్చినవాటిని కొట్టేస్తే మిగతావి దక్కుతాయి. ఏవి చచ్చాయో డ్రోన్ ఫొటోలు చూసి మేం చెప్పాలి. మేం తప్పు చెబితే బతికున్న చెట్టు మీద రంపం పడుతుంది.

మాకిచ్చిన రూలు ఒకటే: ఆకు లేకపోతే చచ్చినట్టు. అది ఎండాకాలం ఫొటోలకు రాసిన రూలు. ఈసారివి తొలి మంచు పడ్డాక తీసినవి. ఆ చెట్లు చలికి ఆకు రాల్చే రకం. కొన్ని తొందరపడి ముందే రాల్చేశాయి.

టీంలో పదకొండు మంది రూలు ప్రకారం పోయారు. నేను మాత్రం అరవై ఒక్క బోడి చెట్లకు 'బతికుంది' అని పెట్టాను. మా దగ్గర ఎక్కువ మంది ఏది పెడితే అదే ఒప్పు. నా స్కోరు దబ్బున పడిపోయింది. అలా పడితే ప్రాజెక్టు నుంచి తీసేస్తారు.

"ఏంది నాగమణీ, గిట్ల జేస్తున్నవ్? నలుగురితో నారాయణ అనరాదా?" అంది పక్క సీటు కళ్యాణి.

టీం లీడర్ ఉదయ్ భాస్కర్‌ది కాకినాడ. గట్టిగా మాట్లాడడం రాదు. "రూలు అలా ఉందండి. మీరొక్కరే రైటంటే ఎలాగండి?" అన్నాడు.

మంచు మీద చెట్టు నీడను పెద్దది చేసి చూపించాను. "చెట్టు చస్తే మొదట విరిగి రాలేది సన్న పుల్లలే సార్. మోడుకు లావు కొమ్మలే మిగులుతాయి. ఈ నీడలో పుల్లలన్నీ అట్లే ఉండాయి. దీనికి ప్రాణముంది."

"ఇది ఎక్కడ చదివారండి?"

ఎవరికీ జంకని నేను ఆ ఒక్క ప్రశ్నకు సిగ్గుపడి మాట దాటేశాను.

"నన్ను తీసేయండి, పర్వాలేదు," అన్నాను. "ముందు ఆ అరవై ఒకటి ఆ అడివి వాళ్ళకు పంపండి. ఎవరన్నా పోయి బెరడు గీకి చూడనీ. లోపల పచ్చగా ఉంటే బతికినట్టే."

మంచి మనిషి, పంపాడు. నా లాగిన్ మాత్రం ఆపేశాడు.

ఆరు రోజులు మూసాపేట హాస్టల్లో గోడలు చూస్తూ కూర్చున్నాను. ఏడో రోజు ఫోన్ చేసి రమ్మన్నాడు. అక్కడి అటవీ సిబ్బంది మోకాలి లోతు మంచులో నడిచిపోయి ఒక్కో చెట్టూ గీకి చూశారట. యాభై ఎనిమిది పచ్చగా ఉన్నాయి. మూడింటి దగ్గర నేను తప్పాను. ఆ మూడూ ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉన్నాయి.

నీడ చూసే పద్ధతిని తమ రూల్ పుస్తకంలో చేర్చుకుంటామనీ, చెప్పినవారి పేరూ అనుభవమూ రాయమనీ వాళ్ళు అడిగారు.

"ఏం రాయనండి? అటవీ శాస్త్రంలో అనుభవం ఉందని రాసేయనా?" అన్నాడు ఉదయ్ భాస్కర్. ఆఫీసంతా వింటోంది.

"నాగమణి, కదిరి," అన్నాను. "ఏడో ఏడు నుంచి వాళ్ళమ్మతో అడివికి పోయి, ఎండుకట్టెలు ఏరి, మోపులు కట్టి అమ్మింది. పచ్చి చెట్టు మీద చెయ్యేస్తే వాళ్ళమ్మ వీపు వాయించేది. అట్లే రాయండి సార్."

అతను నా మొహం వంక చూశాడు. తర్వాత నేను చెప్పింది చెప్పినట్టే రాశాడు. అది పంపేదాకా నేను అతని కుర్చీ వెనకే నిలబడ్డాను.