ఎడమ మోకాలి మీద మలుపు

ఎస్తెబాన్ పరిగెత్తడు. ముప్పై నాలుగేళ్ళ ఆ పరాగ్వే ఫుట్‌బాల్ ఫార్వర్డ్‌ని చూసి సౌదీలోని అల్ ఖోబర్‌లో జనం మొదట్లో నవ్వారు. డిఫెండర్ భుజానికి ఆనుకుని కునికిపాట్లు పడుతున్నట్టు నిలబడతాడు. బంతి వచ్చిందా, ఎడమ మోకాలి మీద గిర్రున తిరిగి, అవతలివాడు తేరుకునేలోపు గోల్లో కొడతాడు. ఆ ఒక్క మలుపుతోనే అర్జెంటీనా, మెక్సికో, టర్కీ చుట్టొచ్చాడు. ఈ సీజన్ అయ్యాక తన ఊరి క్లబ్బులో ఒక్క ఏడాది ఆడి మానేయాలని అతని కోరిక. పన్నెండేళ్ళప్పుడు ఉత్తకాళ్ళతో ఆడిన గ్రౌండది.

ఆ మోకాలికి రోజూ మసాజ్ చేసేది రాయచోటి ఖాసిం. చేశాక ఎవరికి ఎక్కడ నొప్పుందో రిజిస్టర్లో రాయాలి. చిన్న క్లబ్బు కదా, డాక్టర్ వారానికోసారి వస్తాడు. నొప్పి అని రాసి ఉన్నవాళ్ళనే చూస్తాడు, మిగతావాళ్ళు ఆడాల్సిందే.

జనవరిలో ఒకరోజు ఎస్తెబాన్ మోకాలు నిమురుకుంటూ, వచ్చీరాని అరబ్బీలో, "లోపల పట్టేస్తోంది ఖాసిం. రిజిస్టర్లో రాయి," అన్నాడు.

ఖాసింకి పాత క్యాంపు గుర్తొచ్చింది. ఖతీఫ్‌లో కూలి చేసిన రోజుల్లో, నడుంనొప్పని నోరు జారిన పాపానికి తోటి కూలి నవాజ్‌కి, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ వారం తిరక్కుండా ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించి విమానం ఎక్కించాడు. అప్పట్నుంచి ఆ క్యాంపులో జ్వరమొచ్చినా నవ్వుతూ పనికి పోయేవాళ్ళే. నొప్పి కాగితం మీదికెక్కితే మనిషి విమానమెక్కినట్టే. ఖాసింకి తెలిసిన సౌదీ అదొక్కటే. కప్పులు గెలిచే ఆటగాడికి నొప్పంటే వైద్యం చేయించే ఇంకో సౌదీ ఉంటుందని ఆ వెర్రిబాగులవాడికి ఎవరు చెప్పాలి? నొప్పి లేదు అని రాశాడు.

బూట్లూ జెర్సీలూ చూసుకునే వాజిద్ ఆ పేజీ చూసి, "ఏందిరా, ఆయప్ప నొప్పంటాంటే ఇట్ల రాసినావ్?" అన్నాడు.

"ఊరుకోన్నా. పాపం, మంచోడు. ఈ వయసులో పంపిచ్చేస్తే యాడికి పోతాడు?"

నాలుగు వారాలు అదే రాత. రాసిన ప్రతిసారీ ఒకడి పొట్టకూడు నిలబెట్టానని పొంగిపోయాడు. ఏం పుణ్యం, తగలెయ్య.

ఐదో వారం జెద్దా జట్టుతో మ్యాచ్. బంతి వచ్చింది. ఎస్తెబాన్ ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. అతని అరుపు గ్రౌండు అవతల కూర్చున్నవాళ్ళకూ వినిపించింది.

ఆస్పత్రిలో డాక్టర్ పరీక్షలన్నీ చూసి, మొదట్లోనే తెలిసుంటే నెల విశ్రాంతితో సరిపోయేదనీ, ఇక ఆట మాట మరిచిపొమ్మనీ చెప్పి వెళ్ళాడు. ఖాసిం మంచం పక్కన నిలబడి నిజం కక్కేశాడు.

"నేను నీ నొప్పి రాయలేదు ఎస్తెబాన్. రాస్తే నిన్ను ఇంటికి పంపిచ్చేస్తారని భయపడినా."

ఎస్తెబాన్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"డాక్టర్ పిలవలేదంటే ఏమీ లేదనుకుని తిరిగాను," అన్నాడు. "ఇంటికి పంపిస్తే ఏమయ్యేది ఖాసిం? మా ఊరికే కదా పోయేవాణ్ణి. ఆడుకునేవాణ్ణి."