బదులు లేని ఆదివారాలు

ఆ ఆదివారం దుర్గేశ్ ఖాళీ బ్యాగొకటి బండికి తగిలించుకుని కురుగోడు నుంచి బయలుదేరాడు. కూతురి బట్టలు అందులో పెట్టుకు రావాలని. దసరా రజాలు మొదలయ్యాయి, బడికి సెలవులు. శ్రుతిని గురువారం దాకా తన దగ్గర ఉంచుకుని అప్పుడు దింపి రావాలని అతని ఆలోచన.

ఇల్లు ముందుగానే సిద్ధం చేశాడు. విడాకులైనప్పటి నుంచీ ఆ వంటింట్లో ఒక్క పళ్ళెం, ఒక్క గ్లాసు మాత్రమే కడిగి బోర్లించి ఉండేవి. గూట్లో దుమ్ము పట్టినవన్నీ దించి తోమాడు. దోమతెర ఉతికి ఆరేశాడు. తొమ్మిదేళ్ళ పిల్ల ఇప్పుడేం ఇష్టంగా తింటుందో తెలియక, అంగట్లో నిలబడి ఆలోచించి ఆలోచించి, కనిపించిన బిస్కెట్లన్నీ రకానికొకటి తీసుకున్నాడు.

కోర్టు ఆర్డర్ ప్రకారం పాప తల్లి రాజశ్రీ దగ్గర ఉంటుంది. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా తండ్రి తీసుకుపోవచ్చు. ఈమధ్య అతను మూడుసార్లు వెళ్ళలేదు. మిరప నారు నాటడానికి కూలీలు దొరికింది ఒక ఆదివారం. పురుగుమందు కొట్టక తప్పనిది ఇంకో ఆదివారం. మరోసారి కాలువ నీళ్ళ వంతు సరిగ్గా ఆ రోజే పడింది. ప్రతిసారీ రాజశ్రీకి ఫోన్ చేసి కుదరదని చెప్పాడు. ఆమె ప్రతిసారీ "ఆయ్తు" అని, సరే అన్నట్టు ఒక్క కన్నడ మాటతో పెట్టేసింది.

ఆ మాటతో అతను నిశ్చింతగా ఉన్నాడు. వాళ్ళ కాలువ కింద పద్ధతి అదే. తన వంతు నాడు తనకు వీలు కాకపోతే పక్క చేని ఈరేష్ నీళ్ళు కట్టుకుంటాడు. ఆ తర్వాత ఈరేష్ వంతులో తను కట్టుకుంటాడు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. వాళ్ళ నాన్నల కాలం నుంచి ఎవరి నీళ్ళూ ఎక్కడికీ పోలేదు. పోయిన ఆదివారాలు కూడా అట్లాగే తన పేరు మీద ఎక్కడో నిలిచి ఉన్నాయని నమ్మాడు.

రాజశ్రీ తోరణగల్లులో ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో పని చేస్తూ, కూరెకుప్పలో మేడ మీద అద్దెకుంటోంది. తలుపు తీసి ముందు బ్యాగును చూసింది.

"ఏందది?"

"పాప బట్టలకి. గురువారం తోడ్కొచ్చి ఇడుస్తా. నా ఆదివారాలు మూడు మిగిలి ఉండాయి గదా."

"మిగిలేదానికి అదేమన్నా అన్నమా, పొద్దున మిగిల్తే రాత్రికి తినను?"

"నువ్వే ఆయ్తు అంటివి."

"రాననేవాన్ని రెక్క పట్టి లాక్కొస్తానా? ఆయ్తు అనక ఇంకేమంటారు?"

"నీళ్ళ వంతు పడె. ఏం చేసేది మరి?"

"ఆ నీళ్ళు ఈరేష్‌కిచ్చి నువ్వు ఈడికి రావాల్సింది. నీళ్ళయితే మళ్ళ వచ్చుండేవి." ఆమె గొంతు పెంచలేదు. "కింద ఉండు. పాపని పంపుతా. ఐదుకంతా తెచ్చి ఇడువు."

మెట్లు దిగి, గోడ నీడలో నిలబడి, తన లాయరు ఆశకు ఫోన్ చేశాడు.

"ఆదివారం గూడ వదలవా దుర్గేశప్పా?" అంటూనే ఆమె అంతా విన్నది. "పోయింది పోయినట్లే. కోర్టు నీకోసం దాచిపెట్టదు. రాత్రుళ్ళు ఉంచుకోమని ఆర్డర్‌లో లేదు. బలవంతాన తీస్కపోతివా, ఉండే ఆదివారాలకే ముప్పు."

"రజాల్లో గూడ కాదా మేడం?"

"కావాలంటే అర్జీ వేస్తాం. జడ్జిగారు పాపని లోపలికి పిలిపించుకుని అడగచ్చు, మీ నాన్న కాడ ఉంటావా అని."

"ఏమంటాది?"

"నన్నడిగితే? బిడ్డ నీది."

శ్రుతి చాలాసేపటికి గానీ దిగి రాలేదు. తల ఇంకా తడిగానే ఉంది. ఇద్దరూ తోరణగల్లులో రోడ్డు పక్క హోటలుకు పోయారు. ఆ ఎండలో పోవడానికి వాళ్ళకు వేరే చోటు లేదు. బయట టార్పాలిన్ కప్పిన ఇనుప ఖనిజం లారీలు వరసగా పోతుంటే, అద్దం మీద ఎర్రటి దుమ్ము సన్నగా పేరుకుంటోంది. శ్రుతి గోబీ మంచూరియా తెప్పించుకుంది.

"పదికి వస్తానని తెలుసు గదా, ముందే స్నానం చేసి ఉండకూడదామ్మా?"

"నీ బండి సప్పుడు విన్నాకనే చేస్తా."

"ఎందుకట్ల?"

"ముందు చేసి కూర్చునేదాన్ని. కొత్త గౌన్ వేసుకుని, మెట్ల మీద. నువ్వు రాకపోతే అమ్మ మళ్ళ జడ విప్పేది. ఏమీ అనదు, ఊరికే విప్పుతాది. నాకు అప్పుడే ఏడుపొచ్చేది." ఫోర్కుకు ఇంకో ముక్క గుచ్చుకుంది. "ఇప్పుడేం లేదులే నాన్నా. నీ గోబీ తిననా?"

తన ప్లేటు ఆమె వైపు జరిపాడు.

"రజాల్లో మన ఇంటికి వస్తావా? రాత్రుళ్ళు గూడ?"

శ్రుతి నిజంగానే ఆలోచించింది.

"నువ్వు చేనికి పోతే ఇంట్లో ఎవరుంటారు?"

"బిరీన వచ్చేస్తా గదా."

"నీళ్ళు కట్టను పోతే బిరీన రావు. అమ్మ చెప్పింది కాదు, నాకే తెలుసు. నేనూ ఆడే ఉంటి గదా."

ఆ ఇంట్లో ఒంటరిగా ఉండడం ఎట్లాగుంటుందో ఆమెకు అతను చెప్పనక్కర్లేదు. అర్జీ వేస్తే పిల్ల ఇదే మాట కొత్త మనిషి ముందు కూర్చుని చెప్పాలి. చెప్పాక, నాన్న నొచ్చుకున్నాడేమోనని ఇంటికొచ్చి బాధపడుతుంది. ఇక లాయరుకు ఫోన్ చేయాల్సిన పని లేదనిపించింది.

చేతులు కడుక్కొస్తానని బయటికి పోయి ఈరేష్‌కు ఫోన్ చేశాడు.

"ఇంగ మీద నా వంతు రెండో ఆదివారం గానీ నాలుగో ఆదివారం గానీ పడితే నువ్వే కట్టుకో."

"ఆయ్తప్పా. బదులు నా బుధవారం తీసుకో."

"బదులొద్దు. నీకు వీలైతే ఇయ్యి, లేకుంటే లేదు."

"మిరప చేను ఎండబెట్టుకుంటావా ఏంది? పండగని అప్పుడే మందేసుకుంటివా?"

"కాఫీ తాగినా. పెట్టు ఫోను."

ఐదు కాకముందే కూరెకుప్ప చేరారు. శ్రుతి బండి దిగి, గౌనుకంటిన దుమ్ము దులుపుకుంది.

"వచ్చే నెల రెండో ఆదివారం..." అని మొదలుపెట్టాడు దుర్గేశ్.

"చెప్పద్దు నాన్నా."

"రాననడం లేదమ్మా, వస్తాననే..."

"అదే చెప్పద్దు. చెప్తే ఎదురు చూస్తా. ఊరికే వచ్చెయ్."

ఆ మాటలో కోపం లేదు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, రెండూ సరిగ్గా పక్కపక్కన పెట్టి, పైకి పోయింది. తలుపు తెరుచుకుని, మూసుకుంది. ఇంకేదో చెప్పడానికి ఆమె మళ్ళీ బయటికి వస్తుందేమోనని దుర్గేశ్ బండి స్టార్ట్ చేయకుండా కాసేపు అక్కడే కూర్చున్నాడు.