బీమా కాగితం మీది ధర

తల్లి పోయాక ఆస్తి పంచుకున్నప్పుడు హెర్విగ్ ఇల్లు తీసుకున్నాడు, చెల్లెలు ల్యూట్‌గార్ట్ కోటుకు గుచ్చుకునే వజ్రాల బ్రోచ్ తీసుకుంది. ఇల్లు లక్షా ఎనభై వేల యూరోలు. బ్రోచ్ కూడా అంతేనని బీమా కాగితంలో ఉంది. చెరి సగం, పేచీ లేదు. ఆ కాగితం రాసింది హెర్విగే. ఆంట్‌వెర్ప్ స్టేషన్ పక్క వీధిలో ముప్పై ఏళ్లుగా నగలకు విలువ కట్టడమే అతని బతుకు తెరువు. అన్న చేత్తో రాసిందానికి తిరుగేముంటుందని ఆమె పంపకాల పత్రం మీద నిశ్చింతగా సంతకం పెట్టింది. పిచ్చి మొహం.

ఆరేళ్లు క్రమం తప్పకుండా బీమా కట్టింది. నగ బ్యాంకు లాకర్‌లో ఉంటేనే బీమా చెల్లుతుంది కాబట్టి, ఒక్క పండక్కయినా దాన్ని కోటుకు పెట్టుకోలేదు. ఈ వసంతంలో ఆమె పంతొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న ఫ్లాటు అమ్మకానికొచ్చింది. నెలాఖరులోగా కొనుక్కోవాలి, లేదా ఖాళీ చెయ్యాలి. బ్రోచ్ ఉందిగా అన్న ధీమాతో కొంటానని మాటిచ్చేసింది.

నగలు కొనే ముసలి యోసెల్ రాళ్లను చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం చూశాడు.

"మేడమ్, ఇది అమ్ముకోవడానికి రాసిన ధర కాదు. నగ పోతే, ఇలాంటిదే కొత్తది చేయించడానికి ఎంతవుతుందో ఆ లెక్క. అంత పెట్టి ఎవరూ కొనరు. నేనైతే యాభై రెండు వేలిస్తాను. ఈ నగల కొట్ల వీధంతా తిరిగి కనుక్కోండి, నేనేమీ అనుకోను. మా పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పే సంగతి ఇది."

కింద సంతకం ఎవరిదని అడిగాడు. మా అన్నదని చెప్పింది. ఆయన భూతద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ల్యూట్‌గార్ట్ ఇంకో నాలుగు కొట్లు ఎక్కి దిగింది. ఎవరూ యాభై కూడా దాటలేదు.

అటునుంచి అటే అన్న ఇంటికి వెళ్లింది. అతను తల్లి వంటింట్లోనే కాఫీ పోసిచ్చాడు. విషయం చెబితే మొహంలో రంగైనా మారలేదు.

"నేనేమైనా అబద్ధం రాశానా? అమ్మ బీమాకని అడిగింది, బీమాకే రాశాను. పంపకాలప్పుడు అమ్మితే ఎంతొస్తుందని నువ్వు నన్నడిగావా?"

"నువ్వున్నావు కదా అన్నయ్యా, ఇంకా అడిగేదేముందనుకున్నాను."

లోకంలో ఇంకెవరు మోసం చేసినా ఆమె ఇంత బాధపడేది కాదు. హెర్విగ్ చెయ్యి చాచి బ్రోచ్ అందుకున్నాడు, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"పరాయివాళ్ల పాలు చెయ్యడం దేనికి? నలభై అయిదు వేలకు నేనే తీసుకుంటా. చెల్లెలివి కాబట్టి."

"పరాయివాడు యాభై రెండు ఇస్తానన్నాడు," అంది ల్యూట్‌గార్ట్. బ్రోచ్ లాక్కుని, కోటు తొడుక్కుని గుమ్మం దిగింది. ఫ్లాటు ఎలాగూ చేజారింది. అన్న గుమ్మంలో నిలబడి యాభై అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. వీధి మలుపు చేరేలోగా అతను యాభై మూడు దాకా వచ్చాడు.