దొరసాని అడిగిన కిటికీ

“ఏమే, ఆ దొరసాని ఏమంటాండాది?”

ఆదివారం సాయంత్రం చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంటే స్వర్ణలతకు ఈ ప్రశ్న తప్పేది కాదు. అడిగేది భర్త చెంగల్రాయుడు. పుంగనూరులో వాళ్ల అద్దె ఇంటికి కేబుల్ వచ్చిన కొత్తలో, ఒక ఇంగ్లీషు ఛానెల్లో వారం వారం ఒక కార్యక్రమం వచ్చేది. ఎక్కడో చలిదేశంలో మొగుడూ పెళ్లాం తమ ఇల్లు తామే కట్టుకుంటారు. కొండవాలులో అద్దాల మేడ అంటారు, పాడుబడిన గోదాములో రాజభవనం అంటారు. సగంలో వాన పట్టుకుంటుంది, కప్పు రాదు, మేస్త్రీ మొహం చాటేస్తాడు. కార్యక్రమం నడిపే పెద్దమనిషి గొడుగు పట్టుకుని బురదలో నిలబడి, ఇది అయ్యే పని కాదన్నట్టు పెదవి విరుస్తాడు. అప్పుడు చెంగల్రాయుడు తొడ చరిచేవాడు. “సూడు, పునాది సూసుకోకుండా పైకి లేపినాడు నా కొడుకు!” అని సంబరపడేవాడు. ఆయన పట్టు పరిశ్రమ శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇంగ్లీషులో అర్జీ రాయగలడు గానీ దొరల ఉచ్చారణ ఆయన చెవికెక్కదు. స్వర్ణలత దగ్గర్లోని సోమల ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. అందుకని టీవీలో మాటను ఇంట్లో మాట చేసి ఆయనకు అందించడం కూడా ఆమె ఇంటిపనుల్లో ఒకటైంది.

మదనపల్లె రోడ్డులో కొన్న స్థలంలో అప్పటికి వాళ్ల ఇల్లు కూడా లేస్తోంది. టీవీలో చూసిన హాలు ఆయన మనసులో నాటుకుపోయింది. రెండంతస్తుల ఎత్తు, కింది నుంచి పైదాకా అద్దాల గోడ, ఆసరా లేకుండా గాల్లో తిరిగే మెట్లు. దారినపోయేవాళ్లు ఆగి, “ఏం రాయుడూ, సినిమా హాలా? టికెట్టు ఎంత పెడతావప్పా?” అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన మురిసిపోయేవాడు. ఎండాకాలం ఆ అద్దాల గోడ వెనక పొయ్యి మీద కూర్చున్నట్టే ఉండేది. వానాకాలం అంచుల్లోంచి నీళ్లు కారేవి, ఆ నీళ్లు తుడిచేది స్వర్ణలత. బడికి పోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి పైపు పట్టుకుని గోడలు తడిపేదీ ఆమే. కూలీలకు టీ తెచ్చేదీ ఆమే. ఏదైనా అడగాల్సి వస్తే మాత్రం వాళ్లు, “సారు యాడ?” అనేవాళ్లు.

పని మొదలుపెట్టిన రోజు రెడ్డెప్ప మేస్త్రీ చెంగల్రాయుడి చెయ్యి చాపించి, మోచేతి నుంచి నడిమి వేలి కొసదాకా కొలిచి, ఆ పొడవుకు ఒక నీలగిరి కర్ర కోసుకున్నాడు. యజమాని మూరతో కడితేనే ఆయం, అంటే వాస్తు లెక్క, కుదురుతుందని, ఇల్లు అచ్చి వస్తుందని అక్కడి పట్టింపు. చెంగల్రాయుడు పొడగరి. గూళ్లు, అటకలు, కిటికీలు అన్నీ ఆ కర్ర లెక్కనే లేచాయి. స్వర్ణలత మునివేళ్ల మీద నిలబడినా ఒక్క గూడూ అందదు. కర్ర కోసిన రోజే ఆమె ఒక మాట అడిగింది. “వంటగట్టు మాత్రం కొంచెం తక్కువ ఎత్తులో పెట్టుకుందామా?” ఆయన నవ్వాడు. “పాఠాలు సోమల్లో సెప్పుకో, ఈడొద్దు.” కూలీలు కూడా నవ్వారు. అది చాలదన్నట్టు, కుప్పంలో చిన్నకొడుకు దగ్గర నుంచి వచ్చిన అత్త పార్వతమ్మ అందుకుంది. “వంటింటికి ఏం తొందర? దాంట్లోకి వచ్చేది మనమే గదా!” ఆ మాట ప్రకారమే హాలు లేచింది, పడకగదులు లేచాయి, వంటిల్లు మాత్రం నేల మీద సున్నపు గీతల్లో ఉండిపోయింది.

వంటగట్టు మాట నవ్వులపాలైన తరవాతి ఆదివారమే ఆమె మొదటిసారి ఒక పని చేసింది. టీవీలో ఆ ఇంటావిడ ఏదో ఇటుకల రంగు గురించి మాట్లాడుతోంది. “ఏమంటాండాది?” అన్నాడు ఆయన. చేటలోంచి తలెత్తకుండానే స్వర్ణలత అంది: “వంటగట్టు తన ఎత్తుకు తగినట్టు కట్టమంటాండాది.” ఆయనకు అనుమానం రాలేదు. ఇంకో వారం ఇంకో దొరసాని కిటికీ అడిగింది. పొయ్యి ముందర నిలబడితే కొండ కనిపించేటట్టు, వెడల్పాటి కిటికీ. మరో వారం మరొకామె, తలుపు వేసుకుని చదువుకోవడానికి కాస్త చోటు అడిగింది. వాళ్లు నిజంగా ఏం అన్నారో స్వర్ణలతకు ఇప్పుడు గుర్తు లేదు. తను ఏం చెప్పిందో మాత్రం ప్రతి మాటా గుర్తుంది. ఇంట్లో ఆమె అంత మాట్లాడింది ఆ ఆదివారాల్లోనే.

కిటికీ వారం చెంగల్రాయుడు టీవీ వైపే చూస్తూ అన్నాడు: “పాపం, పెట్టియ్యొచ్చు గదా వాడు. అడిగింది కిటికీనే గదా. వాని సొమ్మేం పోతాది?”

ఆమె చేతిలో మట్టిపెళ్ల ఒకటి నలిగి పొడి అయింది. అది నా మాటేనండీ అనడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. అనలేదు. వంటిల్లు ఇంకా మొదలు కాలేదు గదా, అప్పుడు చెప్పొచ్చు అనుకుంది.

ఆషాఢంలో ఒక పొద్దున కుప్పం బస్సు కోసం నిలబడిన చెంగల్రాయుడు నిలబడినట్టే కూలిపోయాడు. మదనపల్లె ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

ఏడాది తిరిగేదాకా ఇంటిపని ముట్టకూడదన్నారు. ఆ ఏడాదీ ఆదివారం సాయంత్రాలు వచ్చాయి. పిల్లలు లేని ఇల్లు. ఒక్కదానికి ఎన్ని బియ్యం కావాలని? అయినా చేటలో పోసుకుని టీవీ పెట్టుకునేది. ఒకసారి తనకు తెలియకుండానే పైకి అనేసింది: “కిటికీ కావాలంటాండాది.” గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. టీవీలో ఆ దొరసాని అసలు నోరు విప్పలేదు. ఈ ఇంట్లో సుఖంగా ఉన్నావా అని పెద్దమనిషి ఆమెను అడిగాడు. మేమిద్దరం చాలా సుఖంగా ఉన్నామని పక్కనున్న మొగుడు జవాబిచ్చాడు. ఆమె నవ్వి ఊరుకుంది. స్వర్ణలత టీవీ కట్టేసింది. తన నోటితో అడిగి ఉంటే పెట్టించేవాడేమో. నవ్వి ఉండేవాడేమో. ఆ రెండింట్లో ఏదో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి లేడు. ఏడుపు కంటే ఇదే ఆమెను ఎక్కువగా తినేసింది.

సంవత్సరీకం అయ్యాక మరిది మునిరత్నం కుప్పం నుంచి వచ్చాడు. రెడ్డెప్పను పిలిపించాడు. స్వర్ణలతతో కలిసి ముగ్గురూ ఆ ఎత్తయిన హాలు దాటుకుని వెనక్కి పోయారు. సున్నపు గీతలు వానకు కొట్టుకుపోయి, అక్కడక్కడా తెల్లగా మిగిలి ఉన్నాయి.

రెడ్డెప్ప సంచిలోంచి పాత నీలగిరి కర్ర తీశాడు. పట్టుకున్న చోట అది నున్నబడి ఉంది. స్వర్ణలత దాని వైపు చూసింది. ఆ చెయ్యి ఇక ఎక్కడా లేదు, దాని పొడవు మాత్రం మిగిలింది.

“సారు మూర ఇది. పోయినాయన కొలతతో కొత్త పని ఎత్తుకోకూడదంటారు. ఇప్పుడు ఎవురి మూర పట్టేదప్పా?” అని రెడ్డెప్ప మునిరత్నాన్ని అడిగాడు.

“ఇంకెవురిది? నాదే.” మునిరత్నం చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. “వచ్చే నెల మేమూ ఈడికే వచ్చేస్తాండాము. వదిన ఒక్కతే ఇంత కొంపలో యాడుంటాది? ముందర మేముంటాము. వెనక రూము సాలంటాది వదిన. వంటగట్టు రెండు మూరలు పెట్టెయ్. వదిన కూడా అదే అంటాది.”

తను అనని మాటను పక్కన నిలబడి తన మాటగా చెబుతుంటే స్వర్ణలత వింది. ఆ పని ఎట్లా చేస్తారో ఆమెకు తెలుసు. చేటలోంచి తలెత్తకుండా, గొంతు మార్చకుండా చేస్తారు. నోరు విప్పని మనిషి పేరు మీద ఏమైనా చెప్పొచ్చు.

“నేను ఆ మాట అనలేదు, మునిరత్నం.”

“ఏ మాట వదినా?”

“ఏదీ అనలేదు. వెనక రూము సాలని అనలేదు. రెండు మూరలనీ అనలేదు.” కొంగు సర్దుకుని రెడ్డెప్ప వైపు తిరిగింది. “మేస్త్రీ, నా మూర కొలుచుకో.”

రెడ్డెప్ప తల గోక్కున్నాడు. “ఆడోళ్ల మూరతో నేనెప్పుడూ కట్టలేదమ్మా. ఆయం యట్లా వస్తాదో ఏమో.”

“వంటింట్లో నిలబడేది నేను. నాకు కుదిరితే సాలు.”

మునిరత్నం నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగింది. “సరే వదినా. రేపు ఇల్లయినాక గృహప్రవేశానికి పీటల మీద ఎవురు కూసుంటారు? మేమిద్దరమే గదా కూసోవాల?”

“పాలు పొంగేది పొయ్యి మీద, పీటల మీద గాదు.”

అతను చొక్కా చెయ్యి కిందికి దింపుకుని బయటికి నడిచాడు. ఆ ఖాళీ హాల్లో చెప్పుల చప్పుడు చాలాసేపు మోగింది. ఇక రేపటి నుంచి ఏమేం వినాలో స్వర్ణలతకు తెలుసు. అత్త ఏమంటుందో, కుప్పంలో ఏమనుకుంటారో కూడా తెలుసు. గాజులు లేని చెయ్యి చాపింది. రెడ్డెప్ప దాన్ని తాకకుండా, పక్కన ఒక కొత్త కర్ర పట్టి, నడిమి వేలి దగ్గర గీత గీసి కోశాడు. పాతదాని పక్కన పెడితే అది నాలుగు వేళ్లు తక్కువ.

“ఆ పాతది నాకియ్యి,” అంది. రెడ్డెప్ప ఇచ్చాడు. దాన్ని చంకలో పెట్టుకుంది.

అతను కొత్త కర్రతో గీతలు దిద్దుకుంటూ, తలెత్తకుండానే అడిగాడు. “కిటికీ యాడ పెట్టమంటారమ్మా?”

“ఆమె...” అని అలవాటుగా మొదలుపెట్టి ఆగిపోయింది. గోడ ఇంకా లేని ఆ చోటులోంచి దూరాన కొండ కనిపిస్తోంది. చంకలో కర్రను ఇంకాస్త గట్టిగా అదుముకుంది.

“నాకు,” అంది స్వర్ణలత, “ఈడ కావాల.”