వావిలి గట్టు

జలపతికి వావిలి పొదలంటే పిచ్చి. దుబాయి నుంచి తిరిగొచ్చాక, రాయికల్ దగ్గర తన పొలంలో ఎప్పుడూ నీరు ఊరి జాలుపట్టి వరి పండని మూలను వదిలేసి, గట్టు పొడుగునా వావిలి కొమ్మలు నాటాడు. అవి ఏపుగా పెరిగి ఊదారంగు పూలు పూశాయి. తేనెటీగలు, సీతాకోకచిలుకలు ముసిరాయి. పక్కనున్న బీర పందిరి విరగకాసింది. ఇక ఆయన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. దారిన పోయేవాళ్లను ఆపి మరీ వావిలి పురాణం విప్పేవాడు.

అందరికంటే ఎక్కువసార్లు ఆ పురాణం విన్నవాడు పక్క పొలం గంగారాం. వావిలి పూత ఉన్నన్నాళ్లు పురుగుమందు కొట్టొద్దని, కొడితే తేనెటీగలు చస్తాయని జలపతి అతని దగ్గర మాట తీసుకున్నాడు. గంగారాం మాట మీద నిలబడ్డాడు. ఈసారి సుడిదోమ పురుగు పట్టి అతని వరి సుడులు సుడులుగా ఎండిపోయింది. అయినా మందు పంపు భుజానికెత్తలేదు.

అదే దోమ గట్టు దాటి తన మడిలోకి వచ్చేసరికి జలపతికి ఏ పురాణమూ గుర్తు రాలేదు. కనీసం పొద్దుగూకేదాకా ఆగమని భార్య లత మొత్తుకుంది. వింటేనా! ఈగలు పూల మీద మూగి ఉండే పొద్దుటి పూటే మడంతా మందు కొట్టేశాడు.

మర్నాడు కోనరావుపేట రైతులు వ్యాన్లో దిగారు. తమ ఊళ్లో నాటుకోవడానికి వావిలి కొమ్మలు కావాలని వచ్చారు. రమ్మని పిలిచిందీ జలపతే. తీరా చూస్తే పొదల కింద చచ్చిన ఈగలు. వాళ్లలో పెద్దవాడు భీమయ్య కొన్నిటిని అరచేతిలోకి తీసుకుని ఏమైందని అడిగాడు. గంగారాం అక్కడే గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"పక్క పొలమోళ్లు మందు కొట్టిన్రు," అన్నాడు జలపతి.

అన్నాక చెవులు వేడెక్కాయి. భీమయ్య పక్క మడి వైపు చూశాడు.

"మందు కొడితే గా వరి గట్లెందుకు ఎండుతది?"



"నేనే కొట్టిన," అన్నాడు గంగారాం. "జర ఆలస్యంగ కొట్టిన. గందుకే పనిచెయ్యలే."

ఇంకేముంది, భీమయ్య అతన్ని పట్టుకుని చీవాట్లు పెట్టాడు. జలపతి చెప్పే మాటలే అన్నీ. గంగారాం తల వంచుకుని విన్నాడు. తప్పు నాదని ఒక్క మాట అంటే సరిపోయేది. జలపతి అనలేదు. కత్తి తీసుకుని వాళ్లకు కొమ్మలు కోసిచ్చాడు. వాళ్లు చేతులు పట్టుకుని మెచ్చుకుంటుంటే ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

వ్యాన్ వెళ్లిపోయింది. గంగారాం పొదల వైపు ఒకసారి చూసి, మెల్లగా అడిగాడు.

"ఈగలైతే లేవు గదా జలపతన్నా. ఇగ నేను కొట్టుకోవచ్చునా?"