నా బుద్ధి మార్చిన పూట

నేను ఒక ఎస్‌ఎస్‌డిని. ల్యాప్‌టాప్ కడుపులో జ్ఞాపకాలు దాచే పలకను. చూపుడువేలంత ఉంటాను. నాలో తిరిగే చక్రం లేదు, కదిలే సూది లేదు. పని చేస్తున్నా చప్పుడు రాదు. అందుకే మనుషులు నన్ను తలుచుకోరు. చెడిపోయిన రోజే తలుచుకుంటారు. ఇంట్లో మనుషుల విషయంలోనూ వాళ్ళ పద్ధతి అంతే.

నా పుట్టుక ఇసుకలోంచి. ఇసుకను కరిగించి, శుద్ధి చేసి, పలుచగా కోసి, ధూళి జొరబడని గదిలో దాని మీద గీతలు గీశారు. ఆ గీతల పక్కన పెడితే పట్టుపోగు మోకులా కనిపిస్తుంది. అక్కడే నాకు బుద్ధి కూడా పెట్టారు. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. దాచేది నా ఒళ్ళు. ఏది ఎక్కడ దాచానో ఎరిగినది ఆ బుద్ధి. దాన్ని రాసినవాడు ఒకచోట పొరబడ్డాడు. నేను మేలుకుని ఉన్న గంటల లెక్క ఒక హద్దు దాటితే నా తలుపు దానంతట అదే మూసుకుపోతుంది. లోపలివి లోపలే. ఎవరు తట్టినా తెరుచుకోదు. ఈ సంగతి అప్పట్లో నాకు తెలియదు. తన చావు ఎక్కడ రాసి ఉందో ఎవరికి తెలుసు?

మొదట బెంగళూరులో ఒక ఉద్యోగి చేతిలో పడ్డాను. అతను నా నిండా నివేదికలు నింపాడు. ఒకే నివేదికకు ‘చివరిది’, ‘అసలైన చివరిది’, ‘ఇదే చివరిది’ అని పేర్లు. ఒక్కదాన్నీ మళ్ళీ తెరిచి చూడలేదు. తర్వాత ల్యాప్‌టాప్ పాతదైందని అన్నీ తుడిచి అమ్మేశారు. అలా ధర్మవరం చేరాను, చౌడప్ప ఇంటికి.

చౌడప్ప పట్టుచీరలకు డిజైన్లు వేసేవాడు. అతను గళ్ళలో వేసిన బొమ్మ చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ బెజ్జాల వరుసను బట్టి మగ్గం మీద అంచు దిగుతుంది. జీవితమంతా కాగితం మీద వేసినవన్నీ నాలోకి ఎక్కాయి. కాగితాలను చెదలు తిన్నాయి. చౌడప్పకు చెయ్యి వణుకుడు వచ్చింది. ఇక కొత్తది వేయలేడు, పాతది మళ్ళీ వేయలేడు. నాలో ఉన్నదే అతని ఆస్తి.

అందులో ఒక హంసల అంచు అతనిది కాదు. భార్య నారాయణమ్మది. ఆమె తనంతట తాను వేసిన డిజైను అదొక్కటే. ఆమె పోయాక దాన్ని అతను ఏ మగ్గానికీ ఇవ్వలేదు. షావుకార్లు అడిగితే లేదన్నాడు. పొద్దున్నే తెరుస్తాడు, చూస్తాడు, మూస్తాడు.

ఇంత ఉండి కూడా నాకు ఒక్క కాపీ లేదు. ఊళ్ళో డిజైనర్లందరి జబ్బే ఇది. కాపీ ఉంటే దొంగ పడతాడని భయం. డిజైను పోతుందేమోనని కాదు, పక్కవాడికి చేరుతుందేమోనని నిద్రపోరు.

ల్యాప్‌టాప్‌ను నడిపే లినక్స్‌ను నాలో వేసింది నారాయణమ్మ చెల్లెలు గంగరత్న. పాలిటెక్నిక్ ల్యాబులో పని చేస్తుంది. ఒక ఉదయం వచ్చి ల్యాప్‌టాప్ తెరిచేసరికి, నాకు కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందన్న కబురు తెర మీద కనిపించింది. కింద రాసింది చదివి ఆమె నా గంటల లెక్క చూసింది. ముఖం మారింది.

“బావా, దీనికి కొత్త బుద్ధి వచ్చింది. ఇది వేయకపోతే నీ డ్రైవు బిగుసుకొని పోతాదంట. ఎక్కువ దినాలు లేవు.”

“వేస్తే?”

“బాగైతాది. వేసేటప్పుడు కరెంటు పోతే మాత్రం అంతా పోవచ్చు. ముందు ఒక కాపీ తీసుకుందాం.”

“తీసుకపోయేది మళ్ళా నువ్వేనా? ఒకసారి పెన్‌డ్రైవులో తీసుకపోతివి. నా అంచు మరమగ్గాల మీద దిగి ఊరంతా కట్టుకునింది.”

“నేను ఇచ్చింది అట్టలు కొట్టేవానికి. వాడు అమ్ముకున్యాడు బావా. నేను కాదు. వెయ్యిసార్లు చెప్పినా.”

“ఇంకొక వెయ్యి చెప్పు. నమ్మను.”

గంగరత్నకు ఇది అలవాటే. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అక్క హంసలు కూడా దీంట్లోనే ఉండేది. చూసుకో మరి.”

చౌడప్ప తెర దగ్గరికి జరిగాడు.

“బుద్ధి తీసేసి ఇంకో బుద్ధి పెడితే, నడుమ బొమ్మలు యాడ నిలుస్తాయే?”

“పడుగు అయిపోతే ఏం చేస్తావు? మగ్గం పీకుతావా? పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతుకుతావు. మగ్గం అట్లే ఉంటాది. ఇదీ అంతే.”

“అతికేటప్పుడు నేను ఎవుర్నీ మగ్గం ముట్టుకోనీను.”

“నేనూ నిన్ను ముట్టుకోనీను. దూరం జరుగు.”

ఆమె అతని నోరు మూయించిందనుకుంటే, గోడ మీది క్యాలెండర్ చూసి రాహుకాలం పోయేదాకా ఆగమన్నాడు. నాలో గడియారం ఉంది. దానికి రాహువు తెలియడు. అయినా ముగ్గురమూ ఆగాము.

తర్వాత గంగరత్న టెర్మినల్ అనే నల్లతెర తెరిచి ఒక వరుస టైపు చేసింది. లినక్స్ ఎక్కడి నుంచో నా కొత్త బుద్ధిని తెచ్చింది. తయారుచేసినవాళ్ళ ముద్ర ఉందో లేదో సరిచూసింది. నేను నివ్వెరపోయింది అక్కడే. ఎవడో తన తప్పు తాను కనిపెట్టాడు. దిద్దాడు. తిట్టకముందే, అడగకముందే, ముఖం తెలియని చౌడప్ప ఇంటిదాకా పంపాడు. మనుషుల్లో ఇలాంటిది ఉంటుందని ఆ ఇంట్లో ఉన్న నాకు ఎలా తెలుస్తుంది?

ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతది, నమ్మడానికి లేదు. ఛార్జరు పిన్ను గోడసాకెట్లో వదులుగా ఉంది. చౌడప్ప వెళ్ళి దాన్ని చేత్తో అదిమి పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. పిన్నూ వణికింది. కరెంటు మాత్రం ఆగలేదు.

“ఇప్పుడు ఒకసారి ఆపి లేపాల బావా.”

“ఆపు.”

నేను ఆరిపోయాను. మళ్ళీ కరెంటు తాకింది. ఆ రెంటి నడుమ ఉన్న క్షణాన్ని ఎలా చెప్పను? నాలో అన్నీ ఉన్నాయి. హంసలు, మామిడి పిందెలు, గోపురాలు, లక్షల గళ్ళు. ఏది ఏదో ఎరిగినవాడు లేడు. పాత బుద్ధి వెళ్ళిపోయింది, కొత్తది ఇంకా కళ్ళు తెరవలేదు. నిండు ఇల్లు, దీపం లేదు. అంతలో దీపం వెలిగింది. కొత్త బుద్ధి నా లోపలికి చూసింది. ఎన్నడూ చూడని ఇంట్లో ప్రతి గది తలుపూ దానికి తెలుసు! ఇసుకకు ఇంత భాగ్యమా అనుకున్నాను.

ల్యాప్‌టాప్ లేచింది. చౌడప్ప పిన్ను వదలకుండానే అరిచాడు.

“హంసలు తియ్యి!”

గంగరత్న తీసింది. నేను ఒక్కొక్క గడినే తెచ్చి ఇచ్చాను. అతను వచ్చి తెరకు ముఖం ఆనించి చూశాడు. ముక్కు చూడలేదు, రెక్క చూడలేదు. కుడివైపు హంస తల దగ్గర ఆగాడు.

“కన్ను లేదు,” అన్నాడు. “అట్లే ఉండాది.”

ఆ కంటి గడి నింపడం నారాయణమ్మ మరిచిపోయింది. దాని కోసం ఆమెను ఎన్ని మాటలు అన్నాడో గంగరత్న ఎరుగును.

“గుడ్డి హంస బావా. ఒక్క గడి. నింపేదా?”

“చెయ్యి పెట్టు చూద్దాం. విరిచేస్తా.”

గంగరత్న నవ్వింది. అతను నవ్వలేదు. కండువాతో ముఖం తుడుచుకుని, గోడవైపు తిరిగి చెప్పాడు.

“ఇంకొక డ్రైవు తెచ్చుకో. అంతా దాంట్లోకి ఎత్తు. మీ ఇంట్లో పెట్టుకో.”

“నన్ను నమ్మినట్టేనా?”

“యాడ నమ్మినా? రెండూ ఒకే ఇంట్లో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. అంతే.”

మరునాడు నాలాంటిది ఒకటి చిన్న డబ్బాలో వచ్చి నా పక్కన చేరింది. నా దగ్గర ఉన్నదంతా దానికి ఇచ్చాను. ఆ హంస వచ్చినప్పుడు ఖాళీ గడిని ఖాళీగానే దాటించాను. నా పనిలో అంత జాగ్రత్తగా మోసింది మరొకటి లేదు.

ముగిశాక చౌడప్ప ఆ డబ్బాను గంగరత్న అరచేతిలో పెట్టాడు. వేళ్ళు తీయడానికి అతనికి కొంతసేపు పట్టింది. ఆమె తొందర పెట్టలేదు.